పంచమి చంద్రుడికి తీసివేత బేరం

ఎనిమిది వేలు చెప్పిన టెలిస్కోపును అయిదున్నర వేలకు ఇంటికి తెచ్చినదాన్ని నేను. దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో ఆ పని చేయగలిగిన మనిషి ఇంకొకరుంటే చూపించండి, వాళ్లకు దండం పెడతాను. చంద్రుడి గుంటలు, గురుడి ఉపగ్రహాలు, శని వలయం అన్నీ కనిపిస్తాయని పెట్టె మీద రంగుల బొమ్మలున్న సరుకది. దాని మీద రెండున్నర వేలు మిగిల్చాను. ఆ మిగులు మా వదిన బతుకులో ముఖ్యమైన సాయంత్రాన్ని దాదాపు ముంచేసింది. కానీ ధర మాత్రం, ఇప్పటికీ చెప్తున్నాను, చాలా మంచి ధర.

మాది కొట్టు కుటుంబం. తాత గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ సందులో కిరాణా కొట్టు పెట్టాడు. ఆయన తర్వాత నాన్న, నాన్న తర్వాత అన్నయ్య. నేను చక్కెర బస్తాల మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పినదాన్ని. పెళ్లయి ఎల్బీ నగర్ వెళ్లాను గానీ అదెంత దూరం, మెట్రోలో సీటు దొరికేలోపు పుట్టిల్లు వచ్చేస్తుంది.

నాన్న నేర్పిన విద్య ఒకటుంది. ఇంట్లో దాన్ని తీసివేత బేరం అంటాం. మామూలు వాళ్లు ధర తగ్గించమని అడుగుతారు. అలా అడిగితే అమ్మేవాడికి రోషం వస్తుంది. మేం ధర జోలికి పోం. సరుకులోంచి ఒక్కో వస్తువూ తీసేయమంటాం. ఆ సంచి నాకొద్దు, తీసేయండి. ఆ గరిటె మా ఇంట్లో ఉంది, తీసేయండి. ఇప్పుడెంత? తీసేసే కొద్దీ ధర దానంతటదే దిగుతుంది, ఎవరి పరువూ పోదు. దీనికి తోడు బోణీ వేళ చూసుకుని వెళ్లాలి. షట్టరు లేపి దేవుడి పటానికి అగరొత్తి చూపిస్తున్న మనిషి మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపడు. పంపితే రోజంతా అలాగే పోతుందని భయం. ఆ భయం ఖరీదెంతో మాకు బాగా తెలుసు, ఎందుకంటే అది మాకూ ఉంది.

ఇక వదిన సంగతి. అన్నయ్య చేసుకున్నది తుర్కయంజాల్‌లో వ్యవసాయం ఉన్న ఇంటి పిల్లని. ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె చాలా ఏళ్లు సైన్సు చెప్పింది. స్కూలు మూతపడింది. కోచింగ్ సెంటర్ల వాళ్లు పిలిచారు గానీ, అక్కడ చెప్పాల్సింది జవాబును గుర్తుపట్టే ఒడుపు. ఆమెకు కావలసింది అది కాదు. కొట్టు పైన ఉన్న గదిలో వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి గ్రహాల గురించి, ఉపగ్రహాల గురించి తొలి పాఠాలు చదివించాలి. చదివిందాన్ని డాబా ఎక్కి చూపించాలి. పరీక్షలూ ర్యాంకులూ ఉండవు.

మా అన్నయ్య చెడ్డవాడు కాదు, కొట్టువాడు. ఆ గదిని గోదాముకి ఇమ్మని సెల్‌ఫోన్ కవర్లు హోల్‌సేల్‌గా అమ్మే ఒకాయన వెంటపడుతున్నాడు.

"ఆదివారం డెమో పెట్టుకో," అన్నాడు అన్నయ్య. "ఎనిమిది మంది ఫీజు కడితే గది నీది. కట్టకపోతే సోమవారం పొద్దున ఆయన చేతికి తాళం ఇచ్చేస్తాను. తర్వాత నన్ను అనకూడదు."

"మంచిది," అంది వదిన. కానీ ఆ వారమంతా అన్నం కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి కూర్చోవడం నేను చూశాను.

డెమో అంటే మా వైపు తెలియని వాళ్లుండరు. ఏ కోచింగైనా ముందు ఒక క్లాసు ఊరికే చెప్పి చూపించాలి. బట్టల కొట్లో చీర విప్పి పరిచినట్టు. తల్లిదండ్రులు వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటారు. చెప్పేవాడి ప్రతి మాటనీ అంచు లాగి, రంగు గీకి చూస్తారు. నచ్చకపోతే లేచిపోతారు, మడత పెట్టుకోవడం మన ఖర్మ.

ఆ ఆదివారం పంచమి. క్యాలెండరు చూసి వదినే ఎంచుకుంది. పున్నమి నాడు వెలుగు ఎదురుగా పడి, టెలిస్కోపులో చంద్రుడు సున్నం కొట్టిన గోడలా ఉంటాడట. పంచమి నాడైతే వెలుగు పక్క నుంచి పడుతుంది కాబట్టి గుంటల నీడలు పొడుగ్గా సాగి, లోతు తెలుస్తుందట. తన చివరి జీతంలోంచి తీసిపెట్టుకున్న ఎనిమిది వేలు నా చేతిలో పెట్టింది.

"నువ్వు బేరం మంచిగ చేస్తవ్. పోయి పట్కరా పిల్లా. సెట్టు మొత్తం తే."

చివరి మాట వినిపించింది. అయితే కొట్టు పిల్లలకు "మొత్తం" అనే మాట మీద మొదట్నించీ గౌరవం తక్కువ.

స్కూళ్లకు ప్రయోగశాల సామాన్లు అమ్మే కొట్టది. ఆదివారం ఒక్కపూటే తెరుస్తారు. నేను కావాలనే ఆదివారం దాకా ఆగాను. ఒక్కపూట బేరంలో బోణీ భయం రెండింతలుంటుంది. షట్టరు ఇంకా నడుము ఎత్తుకు లేవకముందే వంగి లోపలికి వెళ్లాను.

"భయ్యా, ఆ భూగోళం ఎంత?"

"అక్కా, నువ్వు గోళం కోసం రాలే," అన్నాడు అగరొత్తి ఊదుతూ. "నీ కన్ను టెలిస్కోపు మీదున్నది. ఎనిమిది వేలు. బోణీ టైం, జర సమజ్ చేస్కో, ఎక్కువ చెప్పలే."

మంచి వ్యాపారి. నాకు ఉత్సాహం వచ్చింది.

"ఎక్కువని నేనన్నానా? పెట్టె విప్పండి, ఏమున్నాయో చూద్దాం."

విప్పాడు. పొడుగు గొట్టం, మూడు కాళ్ల స్టాండు, పెద్ద గొట్టం వీపు మీద బిగించే ఒక చిన్న గొట్టం. కన్ను పెట్టి చూసే ఐపీసులు రెండు, ఒకటి లావుది, ఒకటి సన్నది. ఐపీసుకి తగిలిస్తే ఉన్నదాన్ని రెట్టింపు చేసే ముక్క ఒకటి. మోసుకెళ్లడానికి సంచి.

"సంచి తీసేయండి."

"తీసిన."

"ఈ చిన్న గొట్టం దేనికి?"

"చంద్రుడు యాడున్నడో ఎతకనీకి. ముందుగాల దీంట్ల సూస్తరు."

"చంద్రుణ్ణి వెతకడానికి గొట్టమెందుకు భయ్యా? తలెత్తితే కనపడతాడు. తీసేయండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి పక్కన పెట్టాడు.

"ఈ ఐపీసుల్లో ఏది ఎక్కువ పెద్దగా చూపిస్తుంది?"

"సన్నది."

"మరి తక్కువ చూపించేదానికి నేను డబ్బులెందుకివ్వాలి? లావుది తీసేయండి."

అప్పుడాయన అగరొత్తి స్టాండులో గుచ్చి, చేతులు దులుపుకుని, నావైపు పూర్తిగా తిరిగాడు. "అక్కా, బోణీ టైంల అబద్ధం చెప్ప. గా లావుది తీసేస్తే నీకేం దొరకది. ముందు చిన్నగ సూడాలె, దొరికినంక పెద్దగ సూడాలె. సన్నదాన్ల ముందే సూస్తే అంత నల్లగనే ఉంటది."

అక్షరాలా నిజం చెప్పాడు. దేవుడి పటం ముందు నిలబడి చెప్పాడు. కానీ అమ్మేవాడు నిజం చెప్పినా బేరమాడేవాడి చెవికి అది ధరలాగే వినిపిస్తుంది. 'ఇది మాత్రం తీయొద్దు' అన్నాడంటే లాభం అందులోనే దాక్కుందని నాన్న చెప్పేవాడు. నేను గుమ్మం దాకా వెళ్లి, చెప్పు సరిగ్గా పట్టనట్టు వంగాను. మా ఇంట్లో ఆడవాళ్ల చెప్పులు గుమ్మాల దగ్గర ఎప్పుడూ సరిగ్గా పట్టవు.

"తీస్కపో అక్కా," అన్నాడు వెనక నుంచి. "మల్ల నన్ను అనొద్దు."

మధ్యాహ్నం వదిన పెట్టె విప్పింది. నేను పక్కనే నిలబడి రెండున్నర వేలూ విసనకర్రలా పరిచి పట్టుకున్నాను. ఆమె డబ్బులకేసి చూడలేదు. పెట్టెలో ఉన్న కాగితం ముక్కలన్నీ ఎత్తి, అడుగున తడిమింది.

"గిదేంది? ఒక్కటే ఐపీసా?"

"తక్కువ చూపించేవి తీసేశాను వదినా. ఎక్కువ చూపించేవి రెండూ ఉంచాను, సన్నదీ, రెట్టింపు చేసేదీ."

"సెట్టు మొత్తం తెమ్మన్న గద పిల్లా."

ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. నేను చెప్పులు వేసుకుని కొట్టుకి పరిగెత్తాను. ఈసారి అవి బాగానే పట్టాయి. షట్టరు దించేసి ఉంది. బోర్డు మీదున్న నంబరుకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి వదిన గదిలో చాపలు పరుస్తోంది.

"తిట్టు వదినా," అన్నాను.

"తిడితే ఐపీసొస్తదా? ఆ కొస పట్టు, చాప ముడతపడ్డది."

అయిదయ్యేసరికి పది పన్నెండు కుటుంబాలొచ్చాయి. పిల్లలు ముందు, పెద్దలు వెనక. మా సందు చివర చీరల కొట్టాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఎల్బీ నగర్ నుంచి ఒకావిడ కొడుకుతో వచ్చి, తొందరగా వెళ్లాలని ముందే చెప్పి గుమ్మం పక్కనే కూర్చుంది. అన్నయ్య మెట్ల మీద నిలబడి తలలు లెక్కపెట్టుకున్నాడు. నాకు మాత్రం కిటికీలోంచి ఆకాశమే కనిపిస్తోంది. ఎండ ఉండగానే చంద్రుడు అక్కడ తెల్లటి గోటి ముక్కలా ఉన్నాడు, నేను పొద్దున చేసిన పనిని పైనుంచి చూస్తున్నట్టు.

వదిన తాను రాసి జెరాక్స్ తీయించిన పాఠాన్ని తలా ఒకటి ఇచ్చింది. ఒక్కో పిల్లా ఒక్కో పేరా చదవాలి. బుధుడికి, శుక్రుడికి చంద్రుళ్లే లేరు. మనకు ఒక్కడు. అంగారకుడికి ఇద్దరు, ఇద్దరూ చిన్నవాళ్లు, ఆలుగడ్డల్లా వంకరటింకరగా ఉంటారు. గురుడికీ శనికీ ఎంతమందో; కొత్తవాళ్లు దొరికినప్పుడల్లా లెక్క మారుతూ ఉంటుంది. నేను వెనక గోడకానుకుని, గురుడంటే హోల్‌సేల్ వ్యాపారి అన్నమాట, చుట్టూ అంతమంది పనివాళ్లు, అనుకున్నాను. భయం వేసినప్పుడు నాకు అన్నీ కొట్టు లెక్కలోనే అర్థమవుతాయి.

చీరల కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, అంత మంచిగనే ఉన్నది. దీంతోని ఎంట్రెన్సుల ర్యాంకొస్తదా?"

ప్రతి డెమోలోనూ వచ్చే ప్రశ్న అది. జవాబు దిల్‌సుఖ్‌నగర్‌లో పసిపిల్లకి కూడా తెలుసు: వస్తుంది, గ్యారంటీ.

"తెల్వదన్నా," అంది వదిన. "నేనైతే గట్ల చెప్ప."

అన్నయ్య మెట్ల మీంచి నాకేసి చూశాడు. 'మీ వదిన సరుకుని తానే పాడుచేస్తోంది' అని ఆ చూపుకి అర్థం. వెనక వరసలో ఒకాయన ఫోను తీసి టైము చూసుకున్నాడు.

వదిన కింద కొట్లోంచి తెప్పించిన రెండు వస్తువులు ముందు పెట్టింది. ఒకటి నాన్న కాలంనాటి తక్కెడ, రెండోది కరెంటు కాటా. కిలో చక్కెర పొట్లం చేతిలో పట్టుకుని అడిగింది. "చంద్రుని మీద ఏదైనా ఆరో వంతే బరువుంటది. ఈ కిలో చక్కెరను ఆడికి తీస్కపోయి కాటా మీద పెడితే?"

"ఆరో వంతే చూపిస్తది," అన్నారు పిల్లలు.

"మరి తక్కెడల పెడితే?"

పిల్లలు మళ్లీ ఆరో వంతేనన్నారు. చీరల కొట్టాయన కూతురొక్కతే తక్కెడకేసి చూస్తూ ఉండిపోయింది. "టీచర్, అవతల పళ్లెంల కిలో రాయి గూడ ఆడనే ఉంటది గద? అది గూడ ఆరో వంతే అయితది. మల్ల రెండు సమానమే."

"అంటే తక్కెడ ఏడికి పోయినా మారదన్నట్టు," అన్నాడు వాళ్ల నాన్న, చేతులు కట్టుకోవడం మరిచిపోయి. వెనక వరసలో నవ్వులు. అన్నయ్య కూడా ఒక మెట్టు పైకెక్కాడు. నాకు ఊపిరి ఆడింది. ఆ ఊపిరి డాబా మీదికెళ్లే వరకే.

డాబా మీద అప్పుడే చీకటి పడుతోంది. పడమట పక్కింటి వాళ్ల పెద్ద నీళ్ల ట్యాంకు, దాని మీద ఒక కడ్డీకి తెల్లటి దీపం. ఆ దీపానికి కాస్త పైన చంద్రుడు. ఇంకాసేపుంటే ట్యాంకు వెనక్కి దిగిపోతాడు. వదిన పిల్లల్ని గోడ దగ్గరికి పోకుండా వరసలో నిలబెడుతూ, "పిల్లా, నువ్వు జర దాన్ని చంద్రునికి పెట్టు," అంది నాతో.

పెట్టాను. సన్నటి ఐపీసు, దానికి రెట్టింపు ముక్క కూడా తగిలించాను. ఎంత ఎక్కువైతే అంత మంచిదని కదా తెచ్చింది. కన్ను పెట్టాను. నలుపు. కొంచెం జరిపాను, నలుపు. ఇంకొంచెం, నలుపు. ఆకాశంలో చంద్రుడున్నాడు, గొట్టంలో లేడు. పొద్దున కొట్టాయన గొంతు చెవిలో మోగింది: అంత నల్లగనే ఉంటది.

"ఏమ్మా, అయిందా?" అంది ఎల్బీ నగర్ ఆవిడ. "మాకు లేటవుతోంది."

"అయిపోయిందండీ, ఒక్క నిమిషం."

వెనక గొణుగుడు మొదలైంది. ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు. అన్నయ్య నా పక్కకొచ్చి పళ్ల మధ్య నుంచి, "ఏంటే, పని చేయదా?" అన్నాడు. గొట్టాన్ని ఇంకొంచెం కిందికి దించాను. ఉన్నట్టుండి తెల్లటి గుండ్రటి వెలుగొకటి గొట్టమంతా నిండింది.

"వచ్చింది!" అన్నాను.

ఎల్బీ నగర్ ఆవిడ వంగి కన్ను పెట్టింది. "అబ్బ! ఎంత నిండుగా ఉన్నాడండీ!" కొడుకు కూడా చూశాడు. వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఇంట్లో అడిగి ఫీజు సంగతి చెప్తాను," అని కొడుకుని లాక్కుంటూ మెట్లు దిగిపోయింది.

అప్పుడు చూశాను, గొట్టం ఎటుందో. అది చంద్రుడికి కిందగా, ట్యాంకు మీది దీపం వైపుంది.

నాకు తెలిసింది. తెలియలేదని రాస్తే తూకం తప్పుతుంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడింకా వినిపిస్తోంది. ఒక్క కేక వేస్తే ఆగేది. నేను వేయలేదు. గిరాకీ మెచ్చుకున్న సరుకు గురించి నోరెత్తకూడదన్నది కూడా కొట్టు విద్యే. గొట్టం పట్టుకుని, "తర్వాత ఎవరు?" అన్నాను.

చీరల కొట్టాయన కూతురు కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి ఆకాశంకేసి చూసింది. మళ్లీ గొట్టంలోకి చూసింది.

"అత్తా," అంది నాతో, "పైన మామిడి చెక్కంతనే ఉన్నడు. లోపల పున్నమెట్లొచ్చింది?"

ఎవరో నవ్వారు. చీరల కొట్టాయన నవ్వలేదు. అన్నయ్య గబగబా, "పెద్దగా చూపిస్తుంది కదమ్మా, అందుకే," అన్నాడు. అంతా వదినకేసి తిరిగారు. ఆమె వచ్చి, వంగి చూసింది. నిటారుగా నిలబడి గొట్టం ఎటుందో చూసింది. తర్వాత నన్ను చూసింది. అరక్షణమే. అందులో నా బేరమంతా ఆమెకి అర్థమైపోయింది. ఆమె 'అవునమ్మా, పెద్దగా చూపిస్తుంది' అంటే చాలు, ఎనిమిది ఫీజులూ ఆ డాబా మీదే వచ్చేస్తాయి. నాకు తెలుసు, అన్నయ్యకి తెలుసు, ఆమెకి మా ఇద్దరికంటే బాగా తెలుసు.

"ఇది చంద్రుడు కాదు," అంది వదిన. "గా ట్యాంకు మీది లైటు. దగ్గరున్నది దీంట్ల సాఫ్‌గ కనవడది, ఉబ్బి గుండ్రంగ కనవడ్తది. ఇంకోటి గూడ చెప్త. ఈ సెట్టుల ఎతికే గొట్టం లేదు, ముందుగాల సూసే ఐపీసు లేదు. దొరుకుతదో లేదో నాకే తెల్వది. ఉండేటోళ్లు ఉండున్రి, పోయేటోళ్లు పోవచ్చు. నేనేమనుకోను."

నేను మెట్ల వైపు చూడలేకపోయాను. వెళ్లినవాళ్ల చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది. ఒక కుటుంబం. ఇంకో కుటుంబం. చంద్రుడు దీపం పక్కకి దిగాడు.

వదిన నేను తగిలించినవన్నీ తీయడం మొదలుపెట్టింది. రెట్టింపు ముక్క తీసేసింది. ఐపీసు కూడా తీసేసి, తన కొంగు ముడిలో పెట్టుకుంది. ఏమీ లేని ఉత్త గొట్టంలోకి కన్ను పెట్టి, ఇటు రవ్వంత, అటు రవ్వంత కదిపింది. అవతల మెట్రో రైలు వెళ్తే గోడ వణికినట్టనిపించి నేను స్టాండు కాలు పట్టుకున్నాను.

"ఇడ్సిపెట్టు," అంది మెల్లిగా. వదిలేశాను.

ఉత్త గొట్టం కొసన వెలుగు చుక్క నడిమధ్యకి వచ్చేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి, ఐపీసుని పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు దించింది. చూసింది. పక్కకి జరిగి, చీరల కొట్టాయన కూతుర్ని పిలిచింది.

ఆ పిల్ల కన్ను పెట్టింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగే ఉంది. "గుంటలు," అంది చాలాసేపటికి. "గుంట లోపల ఇంకో చిన్న గుంట. చీకట్ల ఒక్కటే చుక్క మెరుస్తున్నది."

"అది కొండ కొస. ఆడ ఇప్పుడే పొద్దు పొడుస్తున్నది. కిందికి ఇంక ఎండ రాలే."

ఉన్నవాళ్లంతా దగ్గరికి జరిగారు. చీరల కొట్టాయన కూతుర్ని పక్కకి నెట్టి చూశాడు. "అగో, జారిపోతున్నడు! అరె, పోయిండు!" అని తలెత్తాడు. బేరగాడికి లోపం దొరికిన సంబరం నాకు తెలియంది కాదు. "మీ స్టాండు లూజున్నది టీచరమ్మా."

వదిన రవ్వంత కదిపి మళ్లీ దొరకబుచ్చింది. "ఇప్పుడు స్టాండును గట్టిగ పట్కోన్రి అన్నా. మీరే పట్కోన్రి. బిడ్డ సూస్తది."

ఆయన రెండు చేతులతో, ఎవరో ఎత్తుకుపోతారేమో అన్నట్టు పట్టుకున్నాడు. కూతురు చూస్తూ, "జారుతున్నడు... జారుతున్నడు..." అంటోంది.

"స్టాండు కదిలిందా?"

"లేదు," అన్నాడాయన.

"డాబా కదిలిందా? దిల్‌సుఖ్‌నగర్?"

ఆయన స్టాండు పట్టుకునే, కింద సందులోకి, సందు చివర తన కొట్టు బోర్డు దాకా చూశాడు. కూతురు గొట్టం మీంచి లేచి, "మనం తిరుగుతున్నం నాన్నా," అంది. "భూమి తిరుగుతున్నది. గిప్పుడే."

లావు ఐపీసుంటే చంద్రుడు చాలాసేపు గొట్టంలోనే ఉండేవాడు, ఆ జారుడు ఇంత తొందరగా ఎవరికీ పట్టేది కాదు. ఇది నా తెలివి అని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

మిగతా వాళ్లు ఒక్కొక్కరే చూస్తుండగానే చంద్రుడు ట్యాంకు అంచు తాకాడు. చివర నిలబడ్డ ఇద్దరు పిల్లలకు ట్యాంకే దొరికింది. వాళ్ల తల్లిదండ్రులు వాళ్లని తీసుకుని దిగిపోయారు. కింద కొట్లో ఆరుగురు ఫీజు కట్టారు. చీరల కొట్టాయన కట్టలేదు. "రేపు చెప్త," అని వెళ్లిపోయాడు.

"ఆరు," అన్నాడు అన్నయ్య.

"నేను చేరుతున్నాను. ఏడు," అని నా సొంత డబ్బులోంచి ఫీజు రెండు వేలు గల్లా మీద పెట్టాను. 

"నువ్వా? నీకెందుకే ఇది?"

"ఎందుకో నీకు తెలీదా?"

అన్నయ్య డబ్బు తీసుకున్నాడు. "ఏడు ఎనిమిది కాదు," అన్నాడు. అతనూ నాన్న కొడుకే. వదిన చాపలు చుట్టడానికి పైకెళ్లింది.

సోమవారం పొద్దున షట్టరు సగం లేపేసరికి నేనక్కడే ఉన్నాను. అన్నయ్య అగరొత్తి వెలిగిస్తున్నాడు, వదిన పక్కనే నిలబడి ఉంది. గది తాళం గల్లా మీద ఉంది. ఫోను కవర్లాయన బయల్దేరానని ఫోను చేశాడు. అప్పుడే చీరల కొట్టాయన కూతురి చెయ్యి పట్టుకుని షట్టరు కిందుగా వంగి లోపలికొచ్చాడు. ఆ వంగడం చూడగానే నాకు అర్థమైంది.

"టీచరమ్మా, బోణీ చేద్దామని ఒచ్చిన," అన్నాడు. "నిన్న చంద్రుడు దొరకనీకి జర ఇబ్బందైంది గద. ఎంతకిస్తరు?"

"రెండు వేలన్నా."

"పదిహేను వందలు జేసుకోన్రి."

"అందరికీ అంతే."

"పోనీ, ఆ జెరాక్స్ కాగితాలు మాకొద్దు. తీసేయిన్రి. ఎంతైతది?"

తీసివేత బేరం! నా చేతిలో ఉన్న టీ గ్లాసు దింపేశాను. అన్నయ్య వదినకేసి కళ్లతోనే బతిమాలుతున్నాడు: ఒప్పుకో, బోణీ, ఎనిమిదో మనిషి.

"తీసేసుడు నిన్న మా పిల్ల చేసింది," అంది వదిన, నన్ను చూపించి. "ఏమైందో సూసిన్రు గద. ఇంక తీసేయనీకి ఏం లేదన్నా."

ఆయన తలూపాడు. వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర చెప్పు సర్దుకున్నాడు. వదిన పిలవలేదు. ఆయన గుమ్మం దాటాడు. బేరగాళ్లు ఆగే చోటు దాటి ఇంకో నాలుగడుగులు వేశాడు. అప్పుడు వెనక్కి చూశాడు. కూతురు వెంట రాలేదు. చక్కెర బస్తా మీదెక్కి, కాళ్లు వేలాడేసి, నిన్నటి కాగితాలు చదువుకుంటోంది.

"రాయే," అన్నాడు.

"మీరు పోన్రి నాన్నా. నేను గురుని కాడికొచ్చిన."

ఆయన వీధిలో నిలబడి మా ముగ్గుర్నీ చూశాడు. మళ్లీ వంగి లోపలికొచ్చి, జేబులోంచి రెండు వేలు తీసి గల్లా మీద పెట్టాడు. "నిన్న ఆ లైటునే చంద్రుడన్నా నేనైతే నమ్మేటోణ్ణి," అన్నాడు వదినతో. "మీరే కాదన్నరు. ఇంక మీతోని బేరమేం జేస్త." అన్నయ్య నోట్లు కళ్లకద్దుకుని, తాళం వదిన చేతిలో పెట్టాడు. ఫోను కవర్లాయన వచ్చి టీ తాగి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం, బోణీ వేళ పూర్తిగా దాటిపోయాక, టెలిస్కోపు కొట్టుకి వెళ్లాను.

"నల్లగున్నదా అక్కా?"

"నల్లగానే ఉంది భయ్యా. ఆ రెండూ ఇవ్వండి."

విడిగా అయితే ధర వేరన్నాడు. సరేనన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "బేరం చెయ్యవా?" అన్నాడు, ఒంట్లో బాగాలేదా అన్నట్టు. చేయనన్నాను. సంచి ఊరికే ఇచ్చాడు.

ఇక లెక్క. మిగిల్చింది రెండున్నర వేలు. లావు ఐపీసుకీ, వెతికే గొట్టానికీ పెట్టింది మూడు వేల రెండు వందలు. అంటే మొత్తం సెట్టు కంటే ఏడు వందలు ఎక్కువ. నా ఫీజు రెండు వేలు దీంట్లో కలపను. ఆ డబ్బుకి గురుడి నాలుగు పెద్ద చంద్రుళ్లనీ వరసగా చూశాను, అది ఖర్చు కాదు. ట్యాంకు మాత్రమే దొరికిన ఇద్దరు పిల్లల్ని వదిన మరుసటి నెల పంచమికి పిలిచి ముందు నిలబెట్టింది, వాళ్లది తీరింది.

తీరనిది ఒక్కటుంది. ఎల్బీ నగర్ ఆవిడ ఫోను చేయలేదు, మళ్లీ రాలేదు. నేను ఉండేదీ అక్కడే కాబట్టి మెట్రో మెట్ల దగ్గర, బస్సుల దగ్గర వెతుకుతూనే ఉన్నాను. ఆమె ఎక్కడో ఎవరికో, పంచమి నాడు టెలిస్కోపులో నిండు చంద్రుణ్ణి చూశానని చెప్తూ ఉండి ఉంటుంది, కొడుకు అవునంటూ ఉంటాడు. ఒక తల్లికీ ఒక కొడుక్కీ నేను పక్కింటి దీపాన్ని అమ్మాను. కనిపిస్తే నిజం చెప్పి డాబాకి పిలుద్దామని, క్లాసు లేని రోజుల్లో లావు ఐపీసు సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను గానీ, ఆ పద్దు ఇంకా కొట్టేయలేదు.